ఒకే రోజు పుట్టిన ఇద్దరు: 'బ్లడ్ బ్రదర్స్' చూసి వచ్చాక మా అబ్బాయి అడిగిన ప్రశ్న

సాగరిక (రెడింగ్, ఇంగ్లండ్):

అందరికీ నమస్కారం. నాటకాలు తెలిసినవాళ్లు, బడిపిల్లలతో పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. జీసీఎస్‌ఈ (ఇక్కడి పదో తరగతి స్థాయి పరీక్ష) ఇంగ్లిష్‌లో వాడికి విల్లీ రసెల్ రాసిన 'బ్లడ్ బ్రదర్స్' నాటకం పాఠ్యాంశం. ఆ నాటకం ఊరూరా తిరుగుతూ మా దగ్గరి పట్టణానికి వచ్చింది. బడివాళ్లు పిల్లలను తీసుకువెళుతూ, తోడుగా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కావాలంటే నేనూ బస్సెక్కాను.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. లివర్‌పూల్‌లో మిసెస్ జాన్‌స్టన్ అనే ఆవిడ ఇళ్లలో పనిచేసి బతుకుతుంది. భర్త వదిలేసి వెళ్లిపోయాడు. ఏడుగురు పిల్లలు, మళ్లీ కడుపుతో ఉంది, ఈసారి కవలలు. ఆవిడ పనిచేసే ఇంటి యజమానురాలు మిసెస్ లయన్స్‌కు పిల్లలు లేరు. ఒక బిడ్డను నాకిచ్చెయ్యి అని అడిగి, బైబిల్ మీద ఒట్టు వేయించుకుని తీసుకుంటుంది. మిక్కీ కన్నతల్లి దగ్గర, ఎడ్వర్డ్ పెద్దింట్లో పెరుగుతారు. ఏడేళ్ల వయసులో ఇద్దరూ వీధిలో కలుస్తారు. పుట్టినరోజు ఒకటేనని తెలిసి సంబరపడిపోయి, రక్తం కలుపుకుని అన్నదమ్ములమని ప్రమాణం చేసుకుంటారు. నిజంగానే అన్నదమ్ములని వాళ్లకు తెలియదు. తర్వాత ఒకడు ఫ్యాక్టరీకి, మరొకడు యూనివర్సిటీకి. ఇద్దరూ ఒకే రోజు చనిపోతారు. ఆ సంగతి నాటకం మొదట్లోనే చెప్పేస్తారు, అయినా చివర్లో గుండె ఆగినంత పనవుతుంది.

మా వరుసలో పిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. మా వాడు ఏడవలేదు. తిరుగు ప్రయాణంలో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "అమ్మా, విజయవాడలో అమ్మమ్మ వాళ్ల అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ కొడుకు ఉండేవాడు కదా, నాతో క్రికెట్ ఆడేవాడు. ఇప్పుడు ఏం చదువుతున్నాడు?" అని అడిగాడు.

నాకు తెలియదు. ఆరు వేసవులు వాళ్లిద్దరూ సెల్లార్‌లో పొద్దస్తమానం కలిసి ఆడుకున్నారు. ఆ పిల్లవాడి ఇంటిపేరు కూడా నాకు తెలియదు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఈ కథను మన పిల్లలకు తెలుగులో చెబితే ఎలా ఉంటుంది? ఇలాంటి పని ఎవరైనా చేశారా?


రంగస్థలి (తెనాలి):

సాగరిక గారూ, మీరు చూసింది పెద్ద వేదిక మీద, వాద్యబృందంతో నడిచే సంగీత నాటకం. అది పుట్టింది అలా కాదు. మెర్సీసైడ్ యంగ్ పీపుల్స్ థియేటర్ అనే బృందం కోసం రసెల్ దాన్ని బడిపిల్లలకు చూపించే నాటకంగా రాశారు. 1981 నవంబరులో లివర్‌పూల్‌లోని ఫజాకర్లీ కాంప్రహెన్సివ్ స్కూలులో మొదటి ప్రదర్శన. ఆ తర్వాతే ఆయన స్వయంగా పాటలు, సంగీతం సమకూర్చి 1983లో లివర్‌పూల్ ప్లేహౌస్‌కు తెచ్చారు. అదే ఏడు లండన్‌కు వెళ్లి ఆరు నెలలు ఆడింది. 1988లో మళ్లీ లండన్‌లో మొదలై, 1991లో ఫీనిక్స్ థియేటర్‌కు మారి, 2012 నవంబరు దాకా ఆగకుండా నడిచింది. ప్రదర్శనలు పది వేలు దాటాయి.

రసెల్ జీవితం తెలిస్తే నాటకం ఇంకా బాగా అర్థమవుతుంది. పదిహేనేళ్లకే బడి మానేసి, క్షౌరశాలలో ఆడవాళ్లకు జుట్టు అలంకరించే పనిచేసి, మళ్లీ చదువుకుని, బడిపంతులయ్యారు. మిక్కీ పక్కన ఆయన ఎంతకాలం కూర్చున్నారో, తర్వాత ఎడ్వర్డ్ ఉన్న గదిలోకి ఎలా నడిచి వెళ్లారో ప్రతి మాటలో వినిపిస్తుంది.

బడులకు తిరిగే నాటకం అక్కడ ఒక ప్రత్యేకమైన సంప్రదాయం. 1965లో కోవెంట్రీ పట్టణంలోని బెల్‌గ్రేడ్ థియేటర్ దాన్ని మొదలుపెట్టింది. నటులు బడికి వస్తారు. భోజనాల హాలులోనో వ్యాయామశాలలోనో నేల మీదే ఆడతారు. ఆట అయ్యాక పిల్లలతో కూర్చుని మాట్లాడతారు. ఒక్కోసారి మధ్యలో ఆపి, "ఇప్పుడు వీడు ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. నా దృష్టిలో ఆ మాటలే నాటకంలో సగం. మన సురభి వాళ్లు 1885 నుంచి తెరలూ మాయాజాలం బళ్ల మీద వేసుకుని ఊళ్లు తిరిగారు. బడి నాటకానికి అంత సరంజామా అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక బల్ల, మంచి గొంతు ఉంటే చాలు.


మెర్సీతీరం (లివర్‌పూల్):

నేను ఈ ఊళ్లో పదిహేడేళ్లుగా వైద్యుడిగా పనిచేస్తున్నాను. రంగస్థలి గారు చెప్పిన 1981 గురించి కొంచెం కలపాలి.

ఆ ఏడు ఏప్రిల్‌లో లవ్ లేన్‌లోని టేట్ అండ్ లైల్ చక్కెర కర్మాగారం మూతపడింది. జులైలో టాక్స్‌టెత్ ప్రాంతం అల్లర్లతో తగలబడింది. 1982 జనవరికి బ్రిటన్ మొత్తం మీద నిరుద్యోగులు ముప్పై లక్షలు దాటారు. ఆ మధ్యలో, నవంబరులో, ఒక బడి హాలులో పిల్లలు నేల మీద కూర్చుని ఈ నాటకం చూశారు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మిక్కీ ఉద్యోగం ఊడే సన్నివేశం వాళ్లకు కథ కాదు. చాలామంది ఇళ్లలో నాన్న పొద్దున పూట ఇంట్లోనే ఉంటున్న రోజులవి.

నాటకంలో జాన్‌స్టన్ కుటుంబం స్కెల్మర్స్‌డేల్ అనే కొత్త ఊరికి తరలిపోతుంది. 1961లో లివర్‌పూల్ జనాన్ని సర్దడానికి ప్రకటించిన కొత్త పట్టణం అది. ఇప్పటికీ ఆ ఊరికి రైల్వే స్టేషన్ లేదు. మిసెస్ జాన్‌స్టన్ అక్కడ తోట ఉంటుందనీ, పక్కవాళ్లు మంచివాళ్లనీ మురిసిపోతుంటే, ఈ ఊరివాళ్లు ఆ ముచ్చటకు మురుస్తూనే కళ్లు తుడుచుకుంటారు.


చదువరి (హైదరాబాద్):

ఒక తల్లిగా అడుగుతున్నాను, దయచేసి అపార్థం చేసుకోవద్దు. బూతులు, తుపాకులు, జైలు, మాత్రలకు బానిస కావడం, చివర్లో రెండు శవాలు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలకు స్నేహం గురించి చెప్పడానికి ఇవన్నీ అవసరమా? మనకు కృష్ణుడు, కుచేలుడు ఉన్నారు. పేదరికం ఉంది, స్నేహం ఉంది, గుప్పెడు అటుకులు ఉన్నాయి. పిల్లల మనసు నొప్పించకుండా అదే విషయం చెప్పవచ్చు కదా?


ఎర్రమందారం (రాజమహేంద్రవరం):

చదువరి గారూ, కుచేలుడి కథ నాకూ ప్రాణం. కానీ అందులో కృష్ణుడు సింహాసనం దిగి ఎదురొస్తాడు. స్నేహితుడి కాళ్లు కడుగుతాడు. మన పిల్లలు చూసే లోకంలో ఆ దిగి రావడమే జరగదు. జరగనప్పుడు ఏమవుతుందో చెప్పే కథ కూడా వాళ్లకు కావాలి.


వాస్తవవాది (విశాఖపట్నం):

నాకు వేరే అభ్యంతరం ఉంది. ఈ నాటకం పేదవాడికి న్యాయం చేసిందా? ఎడ్వర్డ్ మొదటి నుంచి చివరి దాకా మంచివాడే. మిఠాయిలు పంచుతాడు, డబ్బిస్తానంటాడు, కౌన్సిలర్ అయ్యాక ఇల్లు, ఉద్యోగం ఇప్పిస్తాడు. మిక్కీ దోపిడీలో ఇరుక్కుని జైలుకు వెళ్లి, చివరికి తుపాకీ పట్టుకుంటాడు. చూసిన పిల్లవాడికి మిగిలేది ఏమిటి? డబ్బున్నవాడు ఉదారుడు, లేనివాడు ప్రమాదకరం అనే కదా?

రెండో మాట. మన దగ్గర వర్గం ఒంటరిగా నడవదు. కులం చెయ్యి పట్టుకుని నడుస్తుంది. కవలలు అనే యుక్తి ఇంగ్లండులో పనిచేస్తుంది. ఇక్కడ బిడ్డను ఇచ్చేటప్పుడే ఏ కులం అన్న ప్రశ్న వస్తుంది. దాన్ని వదిలేసి తెలుగులోకి తెస్తే అబద్ధం చెప్పినట్టే.


రంగస్థలి:

వాస్తవవాది గారూ, కవలలను ఎందుకు పెట్టారో ఒక్కసారి ఆలోచించండి. ఒకే కడుపున, ఒకే గంటలో పుట్టినవాళ్లు. తెలివి తక్కువ, రక్తం మంచిది కాదు, పెంపకం లేదు అనే సాకులన్నీ ఒక్క దెబ్బతో కొట్టేశారు. ఇద్దరి మధ్య తేడా ఏ ఇంట్లో పెరిగారన్నది ఒక్కటే. పైగా చివర్లో సూత్రధారుడు ప్రేక్షకులనే అడుగుతాడు, ఈ చావుకు కారణం మూఢనమ్మకమా, వర్గమా అని. ఆ ప్రశ్న జవాబు లేకుండానే వదిలేస్తాడు.

ఈ కథ మనకు కొత్తదీ కాదు. కుంతి కర్ణుడి దగ్గరికి వెళ్లి నువ్వు నా బిడ్డవని చెప్పింది యుద్ధం ముంగిట. మిసెస్ జాన్‌స్టన్ చెప్పేది తుపాకీ గురిపెట్టాక. ఇద్దరు తల్లులూ ఆలస్యంగానే నోరు తెరిచారు. సూతపుత్రుడని ఒకే మాటతో కర్ణుణ్ణి రంగం బయట నిలబెట్టినప్పుడు అక్కడ కులమూ ఉంది, వర్గమూ ఉంది. కాబట్టి మీ రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. తెలుగులో చేస్తే దాన్ని దాటవేయకూడదు.


పలకాబలపం (ఖమ్మం జిల్లా):

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మూడు రోజులుగా మీ అందరి మాటలూ చదువుతున్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలతో దీన్ని ప్రయత్నించాలని నిర్ణయించుకున్నాను. అనువాదం చెయ్యను. ఒకే ప్రాంగణంలో ఉండే ఇద్దరు స్నేహితుల కథగా పిల్లల చేతే కట్టిస్తాను. కవలల సంగతి పక్కన పెడదాం.

మొదటి చిక్కు ఇది. మిక్కీ, ఎడ్వర్డ్‌ల ఇళ్లు దగ్గర దగ్గర్లో ఉన్నాయి కాబట్టి కలిశారు. ఈ రోజు మన దగ్గర ఇలాంటి ఇద్దరు పిల్లలు అసలు ఎక్కడ కలుస్తారు? బడులు వేరు, బస్సులు వేరు, ఆటస్థలాలు వేరు. 2009 విద్యాహక్కు చట్టంలో ప్రైవేటు బడుల్లో ఇరవై అయిదు శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని రాసి ఉంది కానీ, మా పిల్లలను అడిగితే అలా చేరినవాళ్లు ఎవరూ వాళ్లకు తెలియదు. సాగరిక గారు మొదటే జవాబు చెప్పేశారనిపించింది. అపార్ట్‌మెంటు సెల్లార్. పైన ఫ్లాటు, కింద వాచ్‌మన్ గది.

రెండో చిక్కు పోలీసు సన్నివేశం. పిల్లలిద్దరూ కలిసి ఒకే అల్లరి చేస్తారు. పోలీసు మిక్కీ తల్లి దగ్గరికి వెళ్లి కోర్టు కేసని బెదిరిస్తాడు. అదే పోలీసు ఎడ్వర్డ్ తండ్రి ఇంట్లో గ్లాసు పట్టుకుని, ఏదో చిన్నపిల్లల ఆకతాయితనం లెండి అంటాడు. దీన్ని మన దగ్గర ఎలా చూపించాలి?


సాగరిక:

మాస్టారూ, మీ రెండో ప్రశ్న చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అది మా ఇంట్లోనే జరిగింది.

మా వాడికి పదేళ్లప్పుడు. ఇద్దరూ సెల్లార్‌లో ఆడుతుంటే బంతి తగిలి ఒక కారు అద్దం పగిలింది. కొట్టింది మా వాడు. బంతి వేసింది ఆ అబ్బాయి. సాయంత్రం అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి మా అమ్మ వాళ్ల ఫ్లాటుకు వచ్చారు. అమ్మ టీ ఇచ్చింది. "పిల్లలన్నాక ఆడుకోరా అండీ, మీరేమీ అనుకోకండి, ఊరికే చెబుదామని వచ్చాను" అని, మా వాడి బుగ్గ గిల్లి, లండన్‌లో క్రికెట్ బాగా ఆడతారట కదా అని వెళ్లిపోయారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

పది నిమిషాల తర్వాత నేను బాల్కనీలోకి వెళితే కింద నుంచి అదే గొంతు వినిపించింది. "కొడుకును అదుపులో పెట్టుకుంటావా, గది ఖాళీ చేస్తావా? నీకిదే ఆఖరిసారి చెబుతున్నాను." వాచ్‌మన్ భార్య ఏదో అంటోంది. వినిపించలేదు. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. కిందికి దిగి, అద్దం పగలగొట్టింది మా వాడే అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి ఆ అబ్బాయి ఆడుకోవడానికి పైకి పిలిచినా రాలేదు. ఎండ వల్లనేమో అనుకున్నాను.

మీరు వాడుకోండి. మా ఇల్లు అని మాత్రం చెప్పవద్దు.


మెర్సీతీరం:

సాగరిక గారూ, ఇది రాయడానికి ధైర్యం కావాలి. నమస్కారం.

ఒకటి గమనించారా? ఇంగ్లిష్‌లో ఆ పోలీసు తేడాను గొంతుతో, నిలబడే తీరుతో చూపించాలి. రెండు ఇళ్లలోనూ 'యూ' ఒక్కటే. మన భాషలో ఆ పని ఒక్క మాట చేసేస్తుంది. పైన 'మీరు', కింద 'నువ్వు'.


ఎర్రమందారం:

అదే మాట మీద నా సంగతి చెబుతాను.

మా అమ్మ ఒక ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి అమ్మాయి, నేను ఒక ఈడువాళ్లం. వంటింటి వెనక అరుగు మీద గచ్చకాయలు, అష్టాచెమ్మా ఆడుకునేవాళ్లం. 'ఒసేయ్' అంటే 'ఒసేయ్'. మాకు పన్నెండేళ్లు వచ్చాక ఒకరోజు వాళ్లమ్మగారు, కోపంగా కూడా కాదు, చాలా నెమ్మదిగా, "ఇంక పెద్దవాళ్లవుతున్నారు కదమ్మా, అమ్మాయిగారూ అని పిలువు" అన్నారు. మా అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది. చేతిలో గరిటె అలాగే ఆగింది. ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి నేను దాన్ని 'మీరు' అన్నాను. అది నన్ను 'నువ్వు' అంది. ఆడుకోవడం మానేయలేదు, ఇంకో రెండేళ్లు ఆడుకున్నాం. కానీ ప్రతిసారీ అదే గెలిచేది. నేనే ఓడిపోయేదాన్ని, కావాలని. నాకెవరూ చెప్పలేదు అలా చెయ్యమని.

వాస్తవవాది గారన్నది నిజం. నేను తుపాకీ పట్టలేదు. చదువుకున్నాను, బ్యాంకులో ఉద్యోగం చేసి పదవీ విరమణ కూడా చేశాను. కాబట్టి మిక్కీ ముగింపు నా ముగింపు కాదు. మా స్నేహం ఎలా పోయిందో చెబుతాను. దాని పెళ్లికి శుభలేఖ వచ్చింది. పసుపు రాసి, బొట్టు పెట్టి వాళ్లమ్మగారే స్వయంగా తెచ్చి మా అమ్మ చేతికిచ్చి, "రెండు రోజుల ముందే రా, అమ్మాయిని కూడా తీసుకురా, పని ఎక్కువగా ఉంటుంది" అన్నారు. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. శుభలేఖ తీసి చూశాను. పైన నా పేరు లేదు.


వాస్తవవాది:

ఎర్రమందారం గారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. నా అభ్యంతరానికి ఇంతకంటే మంచి జవాబు ఉండదు. తెలుగు నాటకం ఆ శుభలేఖ దగ్గర ముగియాలి. తుపాకీ వద్దు.


రంగస్థలి:

ఇక్కడ నేను ఒప్పుకోను. మిక్కీ చనిపోయేముందు "ఆ బిడ్డగా నన్నెందుకు ఇవ్వలేదు" అని తల్లిని నిలదీస్తాడు. ఆ కేక హాలు చివర కూర్చున్న పిల్లవాడికి కూడా తగులుతుంది. శుభలేఖ పెద్దవాళ్లకు గుచ్చుకుంటుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ సన్నటి నొప్పి అందుతుందా? విషాదాంతం భయపెట్టడానికి పెట్టేది కాదు. ఇంత జరిగితే తప్ప ఎవరూ పట్టించుకోరా అని ప్రేక్షకుడి చేత అనిపించడానికి పెడతారు.


ఎర్రమందారం:

రంగస్థలి గారూ, నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. కానీ 'అమ్మాయిగారూ' అన్నది పన్నెండేళ్లకు. నాకు అందింది.


పలకాబలపం:

మూడు వారాలు మాయమయ్యాను, క్షమించండి. సాధన మొదలైంది. జరిగింది చెబుతాను.

పద్దెనిమిది మంది పిల్లలు. సాయంత్రం నాలుగున్నర తర్వాత వరండాలో. ఒట్టు సన్నివేశం పిల్లలే మార్చారు. ఏం జరిగినా నోరు విప్పకూడదని ఫ్లాటు ఆవిడ వాచ్‌మన్ భార్య చేత దేవుడి పటం ముందు కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయిస్తుంది. అంత నిశ్శబ్దంగా మా వరండా ఎప్పుడూ లేదు.

స్నేహితులిద్దరి ప్రమాణం మాత్రం తమాషాగా కుదిరింది. రక్తం వద్దన్నాను. ఒకడు గోడ మీద బొగ్గుతో వేసిన వికెట్ల పక్కన ఇద్దరి పొడవులూ గీతలు గీశాడు. ప్రతి వేసవికీ కొత్త గీతలు. నాటకం సాగేకొద్దీ గీతలు పైకి పెరుగుతాయి, ఒకసారి ఒకటే ఎత్తు, ఒకసారి వీడిది ఎక్కువ, ఒకసారి వాడిది. ఆఖరి వేసవికి గోడకు సున్నం వేస్తారు.

ఇక అద్దం పగిలిన సన్నివేశం. కార్యదర్శి పాత్ర ఒక అమ్మాయికి ఇచ్చాను. మాటలు రాసివ్వలేదు, పైన ఇలా, కింద ఇలా మాట్లాడతాడు అని మాత్రం చెప్పాను. ఆ అమ్మాయి ఫ్లాటు గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్లింది. మాట్లాడి బయటికొచ్చి, చెప్పులు వేసుకుని, వాచ్‌మన్ గది అని సుద్దముక్కతో గీసిన గీత దాటి అలాగే లోపలికి నడిచింది. చెప్పులతోనే. గది మధ్యలో నిలబడి, నడుము మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టింది.

నేను ఆపి, చెప్పులు ఎందుకు విప్పలేదమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి కిందికి చూసుకుని బిత్తరపోయింది. "తెలియదు సార్. మా ఇంటికి వచ్చేవాళ్లు అలాగే వస్తారు" అంది. వాళ్ల నాన్న తోటలో కాపలా మనిషి.

ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఎవరింట్లో విడి గ్లాసు ఉంటుందో, ఎవరికి నీళ్లు పైనుంచి పోస్తారో, ఎవరు లిఫ్టు ఎక్కకూడదో, కులం పేరు చెప్పకుండా కులం ఎలా అడుగుతారో. వాస్తవవాది గారూ, మీ రెండో మాటను నేను నాటకంలో పెట్టే పని లేకుండా పోయింది. వాళ్లే పట్టుకొచ్చి పెట్టారు.

ముగింపు గురించి పిల్లల్లోనూ మీలాగే గొడవ. సగం మందికి చావు కావాలి. సగం మందికి శుభలేఖ. చివరికి ఇలా ఒప్పుకున్నారు. వాచ్‌మన్ కొడుకు శుభలేఖ చేతిలో పట్టుకుని నిలబడతాడు. అక్కడ ఆపేస్తారు. రంగస్థలి గారు చెప్పినట్టు, చూసే పిల్లలను అడుగుతారు: వీడు వెళ్లాలా, వద్దా? వెళితే ఏ గుమ్మం లోంచి వెళ్లాలి? లేచి వచ్చి చేసి చూపించమంటారు.


రంగస్థలి:

మాస్టారూ, ఆ చెప్పులను ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. అంతకు మించిన రంగాలంకరణ నేను యాభై ఏళ్లలో చూడలేదు. ముగింపు విషయంలో నా పట్టు సడలించాను. మీ పిల్లలు నాకంటే బాగా ఆలోచించారు.


చదువరి:

నేను మొదట రాసిన మాట వెనక్కు తీసుకోవడం లేదు, చావు లేకపోవడం నాకు సంతోషమే. కానీ నిన్న మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి టీ ఇస్తూ ఏ గ్లాసులో ఇస్తున్నానో చూసుకున్నాను. మా పాప కూడా చూసింది. వేరే గ్లాసు ఎందుకమ్మా అని అడిగింది. మార్చాను. మాస్టారూ, మీరు హైదరాబాదులో ఆడితే మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఏర్పాటు చేయడానికి నేను సంఘంతో మాట్లాడతాను.


మెర్సీతీరం:

చదువరి గారూ, సెల్లార్‌లో ఆడటం చాలా మంచి ఆలోచన. ఫజాకర్లీ బడి హాలు లాంటి చోటే అది. వాచ్‌మన్ల కుటుంబాలు కూడా కుర్చీల్లో కూర్చుని చూసేలా చూడండి.


సాగరిక:

ఒక్క విషయం చెప్పి వెళతాను.

అమ్మ వాకబు చేసి ఆ అబ్బాయి వాళ్ల ఫోను నంబరు సంపాదించింది. వాళ్లు ఆ అపార్ట్‌మెంటు వదిలి రెండేళ్లయిందట. గుడివాడ దగ్గర సొంత ఊళ్లో ఉన్నారు. పిల్లవాడు తొమ్మిదో తరగతి. ఆదివారం మా వాడు మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నాను.

మా వాడి తెలుగు మీకు తెలుసు కదా, ఇంట్లో నేర్చుకున్నదే. వాడికి అందరూ 'నువ్వే'. తాతగారిని కూడా 'నువ్వు' అంటాడు. "నువ్వు ఇంకా ఎడమచేత్తో బంతి వేస్తున్నావా?" అని మొదలుపెట్టాడు. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆ పిల్లవాడు "బాగున్నారా? మీరు ఎప్పుడు వస్తారు?" అన్నాడు. సెల్లార్‌లో వాణ్ణి 'ఒరేయ్' అని పిలిచిన గొంతే అది, కొంచెం బొంగురుపోయింది.

మా వాడికి అది తెలియలేదు. పావుగంట క్రికెట్ గురించి మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేశాక నేను చెప్పాను, వాడు నిన్ను 'మీరు' అన్నాడు, విన్నావా అని. "అంటే గౌరవం కదా?" అన్నాడు. ఎందుకు గౌరవం, వాడు నీకంటే నాలుగు నెలలు పెద్దవాడు అన్నాను. మా వాడు చాలాసేపు ఆలోచించి, అద్దం సంగతి గుర్తుందా అని నన్ను అడిగాడు. గుర్తుందన్నాను. వచ్చే ఆదివారం వాడితో మాట్లాడాక వాళ్లమ్మగారితో నేను మాట్లాడతాను. నాలుగేళ్లు ఆలస్యమైంది.


పలకాబలపం:

సాగరిక గారూ, ఆ ఫోను సంభాషణ నాటకంలో పెట్టుకోనిస్తారా? గోడకు సున్నం వేసిన తర్వాత, శుభలేఖకు ముందు. ఊరు, పేరు అన్నీ మార్చేస్తాను.


సాగరిక:

పెట్టుకోండి మాస్టారూ. మా వాణ్ణి కూడా అడిగాను, సరేనన్నాడు. ఒక్క షరతు పెట్టాడు: బంతి ఎడమచేత్తో వేసేవాడు అన్న మాట మాత్రం మార్చవద్దట.


రంగస్థలి:

ఫోను సన్నివేశంలో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టకండి. వీపులు ఆనించి కూర్చోబెట్టండి, సున్నం వేసిన గోడ పక్కనే. 'మీరు' అన్న మాటకు ముందు ఎంత విరామం ఇవ్వాలో ఆ కుర్రవాడికే వదిలేయండి. మొదటి ప్రదర్శన తేదీ చెబితే బస్సెక్కి వస్తాను.


పలకాబలపం:

వచ్చే నెల రెండో శనివారం, మధ్యాహ్నం రెండు గంటలకు, మా బడి వరండాలో. తర్వాత చుట్టుపక్కల నాలుగు బడులకు వెళ్లాలని అనుకుంటున్నాం, సరుకు ఆటోలో సర్దుకుని. సామాను పెద్దగా ఏమీ లేదు. రెండు కుర్చీలు, ఒక బంతి, బొగ్గు, సున్నం బకెట్టు, ఒక జత చెప్పులు.